ప్లేట్‌లో చచ్చిన కణం, పంట్లో బతికిన నరం

పన్ను నొప్పికి లవంగ నూనె అని అందరికీ తెలిసిందే, ఆ నూనెలో అసలు పని చేసేది యూజినాల్ అనే పదార్థం, దాన్నే జింక్ ఆక్సైడ్ పొడితో కలిపి ముద్దలా చేసి డెంటిస్టులు వందేళ్లకు పైనుంచీ టెంపరరీ ఫిల్లింగ్‌గా పెడుతున్నారు, పెట్టిన కాసేపటికి సలుపు తగ్గుతుంది, పేషెంట్ హాయిగా ఇంటికెళ్తాడు. ఇప్పుడు అదే ముద్దని ల్యాబ్‌కి తీసుకెళ్లి బతికున్న కణాల మీద నేరుగా పెట్టి చూడండి. మర్నాటికి దాని చుట్టూ ఉన్న కణాలు చచ్చి ఉంటాయి. రిపోర్ట్‌లో సైటోటాక్సిక్, అంటే కణాలకి విషం, అని రాయాల్సిందే, వేరే దారి లేదు.

మరి ఏది నిజం? రెండూ నిజమే, అదే ఇక్కడ చిక్కు. కత్తి పదునుగా ఉందా అని అడిగితే ఒకటే జవాబు వస్తుంది, కత్తి సేఫేనా అని అడిగితే మాత్రం ఎవరి చేతిలో ఉంది, ఎంత దూరంలో ఉంది అని ఎదురు ప్రశ్న వేయాలి కదా. డెంటల్ మెటీరియల్ విషయం కూడా అంతే. ఏ కణాన్ని అడిగాం, ఆ కణానికీ మెటీరియల్‌కీ మధ్య ఏం అడ్డముంది, అవతలికి ఎంత చేరింది, ఎంతసేపు ఉంది... ఇవన్నీ చెప్పకుండా ఉత్త సేఫ్ అనే మాటకి అర్థం లేదు. ల్యాబ్‌లో నోటికి బదులుగా వాడే కణాలు, కణజాలాలు, అంటే టిష్యూ మోడల్స్ అన్నీ ఈ ప్రశ్నల్లో ఒకటో రెండో పట్టుకుని పుట్టినవే, ఒకదాంట్లో లోటు కనపడితే దాన్ని పూడ్చడానికి ఇంకోటి వచ్చింది, అలా వరసగా పేరుకుపోయాయి.

ముందు అసలు భయం దేనికో చూద్దాం. చొక్కా కొంటే కుట్టి ఉన్నదే కొంటాం, ఫిల్లింగ్ అలా కాదు, ముద్దగా లోపలికెళ్లి నోట్లోనే గట్టిపడుతుంది, అంటే కెమిస్ట్రీ అంతా పేషెంట్ పంట్లోనే జరుగుతుంది. పన్ను రంగులో ఉండే కాంపోజిట్ ఫిల్లింగ్ తీసుకోండి. దాంట్లో రెజిన్ ఉంటుంది, రాఫెల్ బోవెన్ 1962లో పేటెంట్ తీసుకున్న బిస్-జీఎంఏ అనే మోనోమర్ (గొలుసు కట్టే విడి అణువు) ఈ కుటుంబానికి పెద్దన్న లాంటిది, నీలం లైటు వేయగానే ఈ మోనోమర్లు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని గొలుసులా గట్టిపడతాయి. కానీ అన్ని చేతులూ కలవవు, మామూలుగా 50 నుంచి 75 శాతం దాకా కలుస్తాయి అంతే. ఇది విని హడలిపోవాల్సిన పనేం లేదు, ఎందుకంటే బిస్-జీఎంఏకి రెండు చేతులున్నాయి, ఒక చెయ్యి గొలుసులో ఇరుక్కున్నా చాలు, రెండోది ఖాళీగా ఉన్నా అణువు బయటికి రాలేదు. రెండు చేతులూ ఖాళీగా మిగిలిపోయినవే బయటికి కారతాయి, అవి కొద్దిగానే ఉంటాయి. హీమా అని ఇంకోటుంది (పేరు చూసి పక్కింటమ్మాయి అనుకోకండి, అదీ మోనోమరే), పన్నుకీ ఫిల్లింగ్‌కీ మధ్య అతికించే బాండింగ్ లిక్విడ్‌లో ఇదే ఎక్కువ, దీనికి ఉన్నది ఒకటే చెయ్యి, పైగా చిన్న అణువు, నీళ్లలో ఇట్టే కలిసిపోతుంది. కలవకుండా మిగిలిందంటే దాన్ని ఆపేవాళ్లు లేరు, ఎటు తడి ఉంటే అటు పోతుంది.

ఇలా కారినవి కణంలోకి చేరితే ఏం చేస్తాయి? కణం దగ్గర గ్లూటాథయోన్ అని ఒక రక్షణ నిల్వ ఉంటుంది, లోపల పుట్టే చెడు ఆక్సిజన్ రకాలని అది తుడిచేస్తూ ఉంటుంది. టెగ్డిమా అనే మోనోమర్ ఆ నిల్వని గంటల్లోనే ఖాళీ చేసేస్తుంది, ఆ తర్వాత డీఎన్‌ఏ దెబ్బతినడం, కణం విభజన ఆగిపోవడం, డోసు ఎక్కువైతే చావడం. బయటి నుంచి ఎన్-అసిటైల్ సిస్టీన్ వేసి ఆ నిల్వకి ఊతమిస్తే కణాలు చాలావరకు నిలబడతాయని ల్యాబ్‌లో చాలాసార్లు చూశారు కాబట్టి గుట్టు ఎక్కడుందో బాగానే తెలుసు. తెలియాల్సిందల్లా పంట్లో అంత డోసు అసలు చేరుతుందా అని.

సరే, ల్యాబ్‌లోకి వద్దాం. మొదటి మెట్టు ఎప్పుడూ ఎల్929 అనే కణాలే. ఇవి మనిషివి కాదు, ఎలుకవి. 1940ల్లో అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో విల్టన్ ఎర్ల్ బృందం ఒక ఎలుక చర్మం కింది కణజాలం నుంచి పెంచిన కణాలివి, 1948లో వాటిలోంచి ఒకే ఒక్క కణాన్ని విడిగా తీసి దాన్నుంచి మొత్తం సంతానాన్ని పెంచారు. ఆ ఎలుక పోయి ఎనభై ఏళ్లు దాటింది, దాని కణాలు మాత్రం ప్రపంచమంతా ఫ్రీజర్లలో ఉన్నాయి, ఇవాళ్టికీ కొత్త ఫిల్లింగ్ మెటీరియల్ వస్తే మొదట రుచి చూసేది అవే. పన్నుకీ ఎలుక చర్మానికీ ఏంటి సంబంధం అంటే ఏం లేదు, అవి మొండివి, ఎక్కడైనా ఒకేలా పెరుగుతాయి, ఒక ల్యాబ్ రిజల్ట్‌ని ఇంకో ల్యాబ్‌తో పోల్చుకోవచ్చు, అదొక్కటే వాటి గొప్ప.

టెస్ట్ ఎలా చేస్తారంటే మెటీరియల్‌తో చిన్న బిళ్లలు చేసి, కణాలకి తిండిగా వేసే ఎర్రటి మీడియంలో 37 డిగ్రీల దగ్గర 24 గంటలు నానబెడతారు, టీ ఆకు నుంచి డికాషన్ దిగినట్టు మెటీరియల్లోంచి దిగాల్సినవి ఆ మీడియంలోకి దిగుతాయి. బిళ్ల ఎంత పెద్దదైతే మీడియం ఎంత పోయాలో కూడా లెక్క ఉంది, చదరపు సెంటీమీటర్ల లెక్కన, అది ఐఎస్‌ఓ 10993-12 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఉంటుంది. ఆ డికాషన్‌ని 96 గుంటల ప్లేట్‌లో పెరుగుతున్న కణాల మీద పోసి మర్నాడు ఎంటీటీ అనే పసుపు ద్రావణం వేస్తారు. బతికున్న కణం లోపలి ఎంజైములు ఆ పసుపుని ఊదారంగు స్ఫటికాలుగా మారుస్తాయి, చచ్చిన కణం మార్చలేదు. ఇది 1983లో మోస్మన్ అనే ఆయన రాసిన పద్ధతి, ఇప్పటికీ దీన్ని కొట్టింది రాలేదు. రెండు మూడు గంటలయ్యాక ప్లేట్‌ని లైటుకి ఎత్తిపట్టి చూస్తే మిషన్ కూడా అక్కర్లేదు, కంట్రోల్ వరస (మెటీరియల్ తగలని కణాలు) ముదురు నేరేడు రంగులో ఉంటుంది, మెటీరియల్ చెడ్డదైతే దాని వరస నిమ్మకాయ రసంలా పసుపుగానే ఉండిపోతుంది, డోసు తగ్గించుకుంటూ పోయిన వరసల్లో ఆ రంగు కొంచెం కొంచెంగా దిగడం చూస్తుంటే ముచ్చటేస్తుంది. కంట్రోల్‌తో పోలిస్తే 70 శాతం కంటే తక్కువ వస్తే కణాలకి హాని చేసే గుణం ఉన్నట్టు లెక్క, ఇది ఐఎస్‌ఓ 10993-5 మాట.

ఈ ప్లేట్లతో నేను కొన్నేళ్లు కుస్తీ పట్టా, అందుకే ఒక అవమానం చెప్తా. ఒకసారి ఒక కాంపోజిట్ వరసగా మూడు ప్లేట్లలో ఫెయిల్ అయింది, నలభై శాతం కూడా రావట్లేదు, అంతకుముందు మేమే చేసినప్పుడు బాగానే పాసైన మెటీరియల్ అది. మీడియం మార్చాం, కణాలు కొత్త బ్యాచ్ తీశాం, మెటీరియలే పాడైందని నేను గట్టిగా వాదించా కూడా. చివరికి మా టెక్నీషియన్ విసుగొచ్చి క్యూరింగ్ లైట్ కొసని తిప్పి చూస్తే దాని మీద ఎండిపోయిన రెజిన్ పెచ్చు ఒకటి అతుక్కుని ఉంది, గోరంత. లైటు సగం దానికే పోతోంది, బిళ్లల పైభాగం గట్టిపడి అడుగున జిగురుగా ఉండిపోయింది, ఆ జిగురంతా మీడియంలోకి దిగి కణాలని చంపింది. పెచ్చు గీకేసి మళ్లీ చేస్తే 90 శాతం. అదే ట్యూబు, అదే మెటీరియల్. నెల రోజుల పని పోయింది గానీ ఒకటి మాత్రం బుర్రకెక్కింది, మనం టెస్ట్ చేసేది ట్యూబులో ఉన్నదాన్ని కాదు, దాన్ని ఎలా గట్టిపరిచామో ఆ పనిని.

ఇక ప్లేట్ లోపాల సంగతి. అది చదునైన ప్లాస్టిక్, దాని మీద ఒకే పొరగా పరుచుకున్న కణాలు, పైన కదలకుండా నిలబడ్డ నీళ్లు. నోట్లో అలా ఎక్కడుంటుంది? లాలాజలం రోజుకి అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరుతూ కడుగుతూ ఉంటుంది, పన్ను లోపల ఉండే మెత్తటి కణజాలం, అంటే పల్ప్‌లో, రక్తం పారుతూ వచ్చిన చెత్తని మోసుకుపోతుంటుంది, ప్లేట్‌లో మాత్రం దిగింది దిగినట్టు కణం నెత్తి మీదే కూర్చుంటుంది. అంటే ప్లేట్ మరీ కఠినంగా ఉందని అనిపిస్తుంది, చాలాసార్లు అంతే కూడా, కానీ ఒక్కోసారి ఇది మెతక టీచర్‌లా మార్కులేస్తుంది, మీడియంలో కలిపే సీరం ప్రొటీన్లు కొన్ని విషాలని పట్టేసుకుని కణాలదాకా రానివ్వవు. ఎంటీటీ కూడా తక్కువది కాదు, అది కొలిచేది కణం ప్రాణాన్ని కాదు, కణం ఎంత చురుగ్గా తిని పని చేస్తుందో దాన్ని, పైగా కొన్ని మెటీరియల్స్ తమంతట తామే పసుపుని ఊదాగా మార్చేస్తాయి, కణం లేకపోయినా సరే. కణాలు లేని గుంటలో కూడా మెటీరియల్ వేసి చూసుకోవాలి అని రూలు పెట్టింది అందుకే, చాలామంది ఎగ్గొట్టేదీ దాన్నే.

ప్లేట్‌ని గుడ్డిగా నమ్మితే ఏమయ్యేదో చెప్పడానికి ఎంటీఏ కంటే మంచి ఉదాహరణ లేదు. 1990ల మొదట్లో అమెరికాలో లోమా లిండా యూనివర్సిటీలో మహమూద్ తోరాబినెజాద్ తెచ్చిన సిమెంట్ ఇది, మూలం ఇళ్లు కట్టే పోర్ట్‌లాండ్ సిమెంటే, శుద్ధి చేసి ఎక్స్‌రేలో కనపడటానికి బిస్మత్ ఆక్సైడ్ కలిపారు. కలిపినప్పుడు దీని పీహెచ్ 10.2, మూడు గంటలకి 12.5కి ఎక్కుతుంది, అంటే సున్నం నీళ్లంత ఘాటు. తడి ముద్దగా ఉండగా కణాల పక్కన పెడితే కణాలు ఏమవుతాయో చెప్పక్కర్లేదు. కానీ పంట్లో బయటపడ్డ పల్ప్ మీద ఇదే ముద్ద పెడితే ముట్టుకున్న చోట పలచటి పొర మాడి, దాని కింద ఉన్న కణాలు మేలుకుని కొత్త డెంటిన్‌తో (ఎనామెల్ కింద ఉండే గట్టి పొర అది) గోడ కట్టుకుంటాయి, కొన్ని వారాల్లో పల్ప్‌కి మళ్లీ పైకప్పు వచ్చేస్తుంది. ఇక్కడ ఆ చిన్న గాయమే వైద్యం. ఒక పొర కణాలకి ఆ అవకాశం ఏది? చావడానికి పైన ఒకళ్లు, గోడ కట్టడానికి కింద ఒకళ్లు ఉండాలంటే కనీసం రెండు వరసలైనా ఉండాలి కదా.

అందుకే అడ్డం పెట్టి చూద్దామనే ఆలోచన వచ్చింది, నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చే భాగం ఇదే. పంట్లో ఫిల్లింగ్‌కీ పల్ప్‌కీ మధ్య డెంటిన్ ఉంటుంది, చూడ్డానికి ఎముకలా గట్టిగా ఉన్నా దాన్నిండా సన్న గొట్టాలే, ఎనామెల్ కిందుగా చదరపు మిల్లీమీటరుకి సుమారు 20,000, పల్ప్ దగ్గరికొచ్చేసరికి 45,000 పైన, గొట్టం వెడల్పు కూడా పైన ఒక మైక్రాన్ లోపు, కింద రెండున్నర మైక్రాన్ల దాకా. అంటే పుచ్చు ఎంత లోతైతే మిగిలిన అడ్డం అంత పలచన అవడమే కాదు, అంత జల్లెడ కూడా అవుతుంది. ఒకే మెటీరియల్ పైపైన పుచ్చులో ఏమీ చేయకపోయి లోతు పుచ్చులో పల్ప్‌ని వాచేలా చేయడానికి కారణం ఇదే, మెటీరియల్ మారలేదు, జల్లెడ మారింది. దీనికి తోడు పల్ప్‌లో ఉన్న ఒత్తిడి, సుమారు 14 సెంటీమీటర్ల నీటి మట్టమంత, గొట్టాల్లోంచి నీటిని బయటివైపుకి నెడుతుంటుంది, లోపలికి రావాలనుకునే అణువు వాగుకి ఎదురీదాలి. డెంటిన్‌లో ఉన్న ఖనిజం ఆసిడ్లని కూడా చాలావరకు మింగేస్తుంది.

ఈ అడ్డాన్నే టెస్ట్‌లోకి తెచ్చారు, జర్మనీలో రేగెన్స్‌బర్గ్‌లో గాట్‌ఫ్రీడ్ ష్మాల్జ్ బృందం దీని మీద ఏళ్ల తరబడి కూర్చుంది, ఇప్పుడు డెంటిస్ట్రీకని విడిగా ఉన్న ఐఎస్‌ఓ 7405లో డెంటిన్ బారియర్ టెస్ట్‌గా ఉంది. ఆవు పన్ను నుంచో మనిషి పన్ను నుంచో అర మిల్లీమీటరు మందం బిళ్ల కోస్తారు, దాన్ని రెండు అరలున్న చిన్న డబ్బాలో మధ్యలో బిగిస్తారు, పై అరలో మెటీరియల్ అచ్చం క్లినిక్‌లో పెట్టినట్టే పెట్టి లైటు వేస్తారు, కింద వల మీద మూడు కొలతల్లో పెరిగిన పల్ప్ కణాలు, వాటి పక్కనుంచి మీడియం సన్నగా పారుతూ ఉంటుంది. ఆ కణాలు దూడ పల్ప్‌వి, ఎన్ని తరాలైనా ఆగకుండా పెరగడానికి ఎస్‌వీ40 అనే వైరస్ జీన్ ఎక్కించినవి. వినడానికి సింపుల్‌గా ఉంది గానీ చేసేవాళ్లకి నరకం, ఏ రెండు పళ్ల బిళ్లలూ ఒకలా ఉండవు, ఒకదాంట్లోంచి నీళ్లు జారిపోతాయి, ఇంకోటి రాయిలా బిగుసుకుని ఉంటుంది, అందుకని ప్రతి బిళ్లలోంచి ఎంత నీరు పోతోందో ముందే కొలిచి ఒకే రకం వాటిని జట్లుగా పెట్టుకోవాలి, లేకపోతే మెటీరియల్‌ని పోల్చుతున్నామనుకుని పళ్లని పోల్చుకుంటూ కూర్చుంటాం.

ఇప్పుడు యూజినాల్ సంగతి దానంతట అదే విడిపోతుంది. జింక్ ఆక్సైడ్‌తో కలిశాక యూజినాల్ బందీ అయిపోతుంది, నీళ్లు తగిలితేనే మళ్లీ విడుదలవుతుంది, ప్లేట్‌లో నీళ్లకి కొదవ లేదు కాబట్టి వరదలా వస్తుంది, డెంటిన్‌లో ఉండేది ఆ సన్న గొట్టాల తడే కాబట్టి చుక్క చుక్కగా వస్తుంది. పల్ప్ చేరేసరికి మిగిలేది ఎంత పలచనంటే కణాన్ని చంపలేదు, నరాన్ని మొద్దుబార్చి వాపు తగ్గించడానికి మాత్రం సరిపోతుంది. డోసు ఎక్కువైతే విషం, తక్కువైతే మందు. అదే ముద్దని డెంటిన్ లేకుండా నేరుగా పల్ప్ మీద పెడితే పంట్లోనూ వాపే, ప్లేట్ అబద్ధం చెప్పలేదన్నమాట, మనం దాన్ని అడిగిన ప్రశ్నే వేరు.

చిగురు వైపు కథ ఇంకో రకం. కట్టుడు పళ్ల ప్లేటు, మౌత్‌వాష్, పళ్లు తెల్లబరిచే జెల్, ఇవన్నీ తగిలేది చిగురు చర్మానికి, బుగ్గ లోపలి పొరకి. దీనికి ఒకప్పుడు హ్యామ్‌స్టర్ బుగ్గ సంచిలో మెటీరియల్ పెట్టి ఎర్రబడిందా లేదా అని చూసేవాళ్లు. ఇప్పుడు మనిషి కణాలతోనే ఆ పొరని కట్టేస్తున్నారు. అడుగున సన్న రంధ్రాలున్న చిన్న గిన్నెలో కణాలు వేసి, మొదట మీడియంలో ముంచి ఉంచుతారు, తర్వాత పైనున్న మీడియం తీసేస్తారు, ఇక కణాలకి తిండి కిందనుంచి, గాలి పైనుంచి. అంతే, ఆ గాలి తగలగానే కణాలకి తాము ఎక్కడున్నామో గుర్తొచ్చినట్టు ఒకదాని మీద ఒకటి ఎక్కి పొరలు కట్టడం మొదలెడతాయి, కింద గుండ్రంగా, పైకి పోయేకొద్దీ చదునుగా. కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే నిజం బుగ్గకీ దీనికీ తేడా చెప్పడం కష్టం. మ్యాట్‌టెక్ కంపెనీ ఎపిఓరల్ పేరుతో బుగ్గ రకం, ఎపిజింజైవల్ పేరుతో చిగురు రకం అమ్ముతుంది, ఇవి మామూలు మనిషి కణాలతో చేసినవి. స్కిన్‌ఎథిక్ వాళ్ల మోడల్‌లో టీఆర్146 అనే కణాలు వాడతారు, అవి బుగ్గ క్యాన్సర్ నుంచి వచ్చినవి, ఎన్నిసార్లు చేసినా ఒకేలా వస్తాయి గానీ క్యాన్సర్ కణం ఓర్పూ మామూలు కణం ఓర్పూ ఒకటి కాదని గుర్తుంచుకోవాలి.

ఇలా పొరలుగా ఉన్న టిష్యూ మీద మెటీరియల్ పెడితే ప్లేట్‌లో ఫెయిల్ అయినవి చాలావరకు పాసవుతాయి, ఎందుకంటే పైపొరలు ఉన్నదే అడ్డుకోవడానికి. చచ్చాయా బతికాయా అనే కాదు, టిష్యూ అడ్డంగా ఎంత కరెంటుని ఆపుతోందో కొలిచి పొర బిగువు పోయిందా చూస్తారు, ఐఎల్-1 ఆల్ఫా లాంటి వాపు సిగ్నల్స్ ఎంత వదిలిందో కొలుస్తారు, కణం చావకముందే అరిచే కేక లాంటిది అది. చర్మం వైపు ఇదే పద్ధతి ముదిరి, 2021లో ఐఎస్‌ఓ 10993-23లో కుందేలు టెస్ట్ కంటే ముందు చేయాల్సిన టెస్ట్‌గా కూర్చుంది, అక్కడ గీత 50 శాతం దగ్గర గీశారు.

వీటన్నిటికీ ఒక పెద్ద గుడ్డిమచ్చ ఉంది, ఎలర్జీ. ఎలర్జీ అనేది కణం చావడం కాదు, ఒంట్లో ఇమ్యూన్ కణాలు ఒక పదార్థాన్ని పగవాడిగా గుర్తుపెట్టుకోవడం, ఇమ్యూన్ కణమే లేని మోడల్‌లో అది ఎలా కనపడుతుంది? హీమా ఎలర్జీ ఎక్కువగా వచ్చేది పేషెంట్లకి కాదు, రోజూ ఆ సీసాలు ముట్టుకునే డెంటిస్టులకి, అసిస్టెంట్లకి, జెల్ నెయిల్స్ వేసేవాళ్లకి కూడా, మామూలు లేటెక్స్ గ్లౌజుల్లోంచి అది నిమిషాల్లో దూరిపోతుంది. దీనికి వేరే టెస్టులున్నాయి, హెచ్-క్లాట్ అనే దాంట్లో టీహెచ్‌పీ-1 అనే లుకేమియా కణాలని ఇమ్యూన్ కాపలాదారుల బదులు వాడి, అవి సీడీ86, సీడీ54 అనే జెండాలు ఎగరేస్తాయా లేదా చూస్తారు. పనిచేస్తుంది, కానీ అది విడి రసాయనాల కోసం కట్టిన టెస్టు, నీళ్లలో కలవని రెజిన్ దగ్గరికొచ్చేసరికి తడబడుతుంది.

పొరలు పొరలుగా కట్టడం దేనికి, మొత్తం పన్నునే బతికిస్తే పోలా అని కొందరు. ఫ్రాన్స్‌లో మార్సెయ్‌లో ఇమాద్ అబూ బృందం వేరు ఇంకా పూర్తిగా తయారవని జ్ఞానదంతాలని, వేరే కారణాలతో పీకినవాటిని, వెంటనే మీడియంలో వేలాడదీసి కొన్ని వారాల దాకా బతికించారు, దాంట్లో పుచ్చు తొలిచి, మెటీరియల్ పెట్టి, లోపలి కణాలు గాయం దగ్గరికి ఎలా నడిచొస్తాయో చూశారు. ఇంకోవైపు చిప్పులు. 2010లో హార్వర్డ్‌లో ఊపిరితిత్తిని చిప్పు మీద చేసినప్పటినుంచి అందరి కన్నూ వాటి మీదే, 2020లో అమెరికాలో ఒరెగాన్‌లో లూయిజ్ బెర్టసోని బృందం టూత్-ఆన్-ఎ-చిప్ చేసింది, అర మిల్లీమీటరు డెంటిన్ పలక, దానికి ఒకవైపు మెటీరియల్ పెట్టే కాలువ, రెండోవైపు మనిషి పంటి వేరు కొసనుంచి తీసిన మూలకణాలున్న కాలువ, మొత్తం సూక్ష్మదర్శిని కింద పట్టేంత. బారియర్ టెస్ట్‌లో మెటీరియల్ వల్ల కణాలకి ఏమైందో చివర్లో తెలుస్తుంది, ఇక్కడ హీమా పోసి అవతల కణాలకి ఏమవుతోందో జరుగుతుండగానే చూడొచ్చు, తేడా అదీ.

అయితే ఇవన్నీ శుభ్రమైన ప్రపంచాలు, మీడియంలో పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ పోసి మరీ ఒక్క సూక్ష్మజీవిని కూడా రానివ్వం. నోట్లో ఆ మర్యాద లేదు. 1965లో కకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అనే ముగ్గురు ఒక పని చేశారు, పుట్టినప్పటినుంచీ ఒక్క సూక్ష్మజీవి కూడా తగలకుండా పెంచిన ఎలుకలకి పంట్లో పల్ప్ దాకా చిల్లు పెట్టి అలాగే వదిలేశారు, తిండి ముక్కలు ఇరుక్కున్నా సరే ఆ పల్ప్ బతికి గోడ కట్టుకుంది, మామూలు ఎలుకల్లో అదే చిల్లుకి పల్ప్ కుళ్లిపోయింది. 1987లో కాక్స్ బృందం కోతుల్లో ఇంకో అడుగేసింది, అంతకుముందు పల్ప్‌ని చంపేస్తాయని పేరుపడ్డ సిమెంట్లని నేరుగా పల్ప్ మీదే పెట్టి పైన సందు లేకుండా మూసేసింది, పల్ప్ మానిపోయింది. అంటే ఏళ్ల తరబడి మెటీరియల్ ఖాతాలో రాసిన పాపాల్లో చాలావరకు దాని అంచునుంచి దూరిన బ్యాక్టీరియావి. కాంపోజిట్ గట్టిపడేటప్పుడు రెండు మూడు శాతం ముడుచుకుంటుంది, ఆ ముడుతకి అంచులో సందు వస్తే, ప్లేట్‌లో 95 శాతం తెచ్చుకున్న మెటీరియల్ కూడా పంట్లో ద్రోహం చేస్తుంది. ఇప్పుడిప్పుడే చిగురు టిష్యూ మీద బ్యాక్టీరియా పొరని కూడా పెంచి చూస్తున్నారు గానీ ఒక ఇబ్బంది, బ్యాక్టీరియా చాలా తొందరగా పెరుగుతాయి, కాస్త ఆదమరిస్తే మెటీరియల్ సంగతి తేలేలోపే టిష్యూని అవి తినేస్తాయి.

కాలం సంగతీ అంతే. డికాషన్ 24 గంటలదో 72 గంటలదో, ఫిల్లింగ్ మాత్రం ఏళ్ల తరబడి ఉండాలి, ఈలోపు లాలాజలంలో ఉండే ఎస్టరేజ్ ఎంజైములు రెజిన్‌ని కొరుకుతూనే ఉంటాయి, పళ్లు పుచ్చబెట్టే స్ట్రెప్టోకోకస్ మ్యూటాన్స్ కూడా ఓ చెయ్యి వేస్తుంది. మొదటి రోజు దిగేది ఎక్కువ, నిజమే, తర్వాత తగ్గిపోతుంది, కానీ ఆరో ఏడు దిగేది మొదటి రోజు దిగినదే కాదు, అది ముక్కలైన రెజిన్.

కణాలు ఎవరివి అనేది ఇంకో తలనొప్పి. పీకిన జ్ఞానదంతం నుంచి తీసిన పల్ప్ కణాలు అసలైనవి, కాదనను, కానీ పందొమ్మిదేళ్ల మనిషివి ఒకలా, నలభై ఏళ్ల మనిషివి ఒకలా ప్రవర్తిస్తాయి, కొన్ని తరాలు పెరిగాక ముసలివై ఆగిపోతాయి, ముగ్గురు నలుగురు దాతలవి పెట్టి చేస్తే గానీ నమ్మబుద్ధి కాదు. ఒకే దాత కణాలతో చేసి ఈ మెటీరియల్ ఆ మెటీరియల్ కంటే మేలు అని తేల్చేసే పేపర్ చూస్తే నాకు మాత్రం పక్కన పెట్టేయాలనిపిస్తుంది.

ఇంతకీ డబ్బా మీద బయోకాంపాటిబుల్ అని రాసి ఉంటే ఏమనుకోవాలి? 3డీ ప్రింటర్‌లో వాడే రెజిన్‌ల విషయంలో ఈ ప్రశ్న మరీ పదునుగా ఉంది, టెంపరరీ క్యాపులు, స్ప్లింట్లు, కట్టుడు పళ్ల ప్లేట్లు ఇప్పుడు వాటితోనే చేస్తున్నారు. ఆ సర్టిఫికెట్ సీసాలో ఉన్న ద్రవానికి ఇచ్చింది కాదు, కంపెనీ చెప్పినంతసేపు ఆల్కహాల్‌లో కడిగి, చెప్పిన లైటు పెట్టెలో చెప్పినన్ని నిమిషాలు పెట్టి తీసిన వస్తువుకి ఇచ్చింది. తొందరలో ఐదు నిమిషాలు తగ్గిస్తే ఆ కాగితం ఇక ఈ వస్తువు గురించి మాట్లాడట్లేదు. మా క్యూరింగ్ లైట్ కొస మీద పెచ్చు చేసిందీ అదే కదా.

ఇంకొక్కటి. పన్ను లోపలి పల్ప్‌ని జనం నరం అంటారు, నరం లాగేస్తోంది, నరం తీసేశారు అంటారు, ఎందుకంటే వాళ్లకి తెలిసేది నొప్పే. ఫిల్లింగ్ పెట్టించుకున్నాక పేషెంట్లు ఎక్కువగా చెప్పే బాధ కూడా చల్లనీళ్లు తాగితే జివ్వుమంటోందని. ఎల్929 ప్లేట్‌లో నరం లేదు, బారియర్ టెస్ట్‌లో లేదు, చిగురు మోడల్‌లో లేదు, ఒరెగాన్ చిప్పులోనూ లేదు. కణాలు నూటికి నూరు బతికున్నాయని మిషన్ చెప్పిన మెటీరియల్‌కే పేషెంట్ ఫోన్ చేసి నాలుగు రోజులుగా జివ్వుమంటోందండీ అంటే, చూపించడానికి మన దగ్గర ఊదారంగు గుంటలు తప్ప ఏం లేవు.